వెండి అయ్యగారి డిస్క్

నవంబర్ 18, మంగళవారం

ఇవాళ ఆ మనిషి నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

ఈ డైరీలో ఆయన పేరు రాయకూడదని ఇన్నాళ్లూ పంతం పట్టాను. ఇవాళ రాస్తాను. సోమశేఖర్. గుడి ట్రస్టు ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు మామా అని పిలుస్తూ దద్దోజనం కోసం నేను వెంటపడిన మనిషి. మా నాన్నను అందరూ దొంగ అంటుంటే కమిటీ మీటింగులో తల ఎత్తకుండా కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్న మనిషి.

మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు. చేతిలో ప్రసాదం సంచి. అందులో ప్రసాదం లేదు, గుడి ఆఫీసు కంప్యూటర్‌లోంచి తీసిన హార్డ్ డిస్క్ ఉంది.

"మాన్యా, బాగున్నవా బిడ్డా?"

నేను బాగున్నానో లేదో ఆయనకెందుకు? "ఏం పని?" అన్నాను.

"దీన్ని మొత్తం చెరిపెయ్యాలె. మళ్ల ఎవ్వరూ తియ్యకుండ. నేను డిలీట్ కొట్టిన, గా చెత్తబుట్ట బొమ్మ సుత ఖాళీ చేసిన. అయినా మళ్ల వస్తదంటున్నరు కదా."

"వస్తది."

"వచ్చే నెల నా రిటైర్మెంటు. కొత్త కమిటీ వస్తున్నది, కొత్త కంప్యూటర్లు పెడుతున్నరు. వేరే దుకాణంల ఇయ్యబుద్ధి కాలే. నువ్వు ఈడ చేస్తవని తెలిసే వచ్చిన. నీ చేతుల మీదనే పోవాలె."

ఎంత ధైర్యం చూడు! మా ఇంటిని కూల్చి, ఆ మట్టిని కూడా నన్నే ఎత్తిపొయ్యమంటున్నాడు. రసీదు రాసిచ్చి, రేపు రమ్మన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

శాలిబండలో ఈ బబ్లూ భాయ్ దుకాణంలో నేను చేసే పని ఇదే. క్లినిక్కులు, వకీళ్లు, స్కూళ్లు పాత డిస్కులు తెచ్చిస్తాయి. డిలీట్ కొట్టడమంటే గుమ్మం మీద పేరు పలక పీకేయడమే, లోపలి మనుషులు లోపలే ఉంటారు. మేం ప్రతి మూలా సున్నాలు రాసి నింపేస్తాం. తర్వాత మిషన్ కింద పెట్టి ముక్కలు చేసి, ఆ ముక్కలు కవర్లో వేసి, సర్టిఫికెట్‌తో సహా ఓనరు చేతికిస్తాం. పనిలో చేరిన రోజే బబ్లూ భాయ్ ఒక్కటే చెప్పాడు. "మనం చెరిపేటోళ్లం. లోపలికి తొంగి చూసుడు మన పని కాదు. చూసినవని తెలిస్తే తెల్లారి సంది రావద్దు." ఈ రోజు వరకూ నేను ఎవరిదీ చూడలేదు.

కోపం చల్లారకుండా అప్పటి సంగతి మళ్లీ ఒకసారి రాసుకుంటాను. నాలుగేళ్ల కిందట ఒక పొద్దున గుడిలో భక్తుల తల మీద పెట్టే, పైన స్వామి పాదాలున్న వెండి శఠారి కనిపించలేదు. పెద్ద లొల్లి అయింది. వెతగ్గా వెతగ్గా కార్వాన్‌లో ఒక వెండి పనివాడి దగ్గర దొరికింది. అర్చకుడు రామానుజం అయ్యగారే, అంటే మా నాన్నే, తెచ్చిచ్చాడని అతను చెప్పాడు. కమిటీ నాన్నను పిలిచి అడిగింది. ఎందుకు తీసుకెళ్లావంటే నాన్న మాట్లాడలేదు. అమ్మాలనుకున్నావా అంటే మాట్లాడలేదు. కెమెరాలో చూద్దామన్నారు. ఆ రోజుది రికార్డు కాలేదని చెప్పింది ఈ సోమశేఖరే. పోలీసుల దాకా ఎందుకులే, అయ్యగారిని విశ్రాంతి తీసుకోమనండి అన్నారు. తాతల నాటి నుంచి చేస్తున్న కైంకర్యం ఆ ఒక్క మాటతో పోయింది.

అప్పటి నుంచి నాన్న కుడిచెయ్యి వణుకుతుంది. అవమానంతో కుంగిపోయిన మనిషికి అది ఒంట్లో ఎక్కడో ఒకచోట తేలుతుందని అందరూ అన్నారు. నేనూ అదే అంటాను. ఆ చేతికి జవాబు సోమశేఖరే చెప్పాలి.

రికార్డే కాకపోతే ఇప్పుడు చెరిపేయడానికి ఏముంది?

నవంబర్ 19, బుధవారం

ఇచ్చేశాను. సర్టిఫికెట్ మీద నా సంతకం, కవర్లో ముక్కలు. ఆ ముక్కలు ఎవరో పళ్ల డాక్టరు తీసుకోకుండా వదిలేసిన డిస్కువి. సోమశేఖర్ ఆ కవరును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"నా గుండె మీది బరువు దించినవ్ బిడ్డా" అన్నాడు.

దించానా! ఆయన మెట్లు దిగి పోయేదాకా నవ్వు ఆపుకున్నాను. అసలు డిస్కు నా సొరుగులో ఉంది. దాని మీద అతికించిన చిట్టీ పీకేశాను.

నవంబర్ 20, గురువారం

నేను చేసింది తప్పు కాదు. సంతకం అబద్ధం, అంతే.

నవంబర్ 24, సోమవారం

బబ్లూ భాయ్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయినప్పుడల్లా డిస్కు తగిలించి వెతికాను. దొరికింది. రెండు వీడియో ముక్కలు, రెండూ ఆ రోజువే. మొదటిది పాడై ఉంది, తెరుచుకోవడం లేదు. రెండోది తెరుచుకుంది.

చిన్న మండపం. గొంతులు వినబడవు, బొమ్మ మాత్రమే. నాన్న స్తంభానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఒళ్లో ఉత్తరీయంలో చుట్టిన మూట ఒకటి ఉంది, దాన్ని చంటిపిల్లలా పట్టుకున్నాడు. ఎదురుగా సోమశేఖర్ నిలబడి ఏదో అంటున్నాడు. నాన్న చేతులు జోడించాడు. మా నాన్న, ఆ గుమాస్తాకు! తర్వాత లేచి వెళ్లి తీర్థం తెచ్చి ఆయన అరచేతిలో పోశాడు. ఎడమ చేత్తో. సోమశేఖర్ అటూ ఇటూ చూసి, ఏదో గొణిగి, తాగాడు.

నాన్న ఎవరికీ ఎడమ చేత్తో తీర్థం ఇవ్వడు. అంటే అప్పటికే ఈ మనిషి ఆ కుడిచేతిని ఏదో చేసి ఉంటాడు. మెలిపెట్టాడేమో. కొట్టాడేమో. మొదటి ముక్కలో అదే ఉండి ఉంటుంది, అందుకే చెరిపేయమని ఇంత తాపత్రయం. సాక్ష్యం ఇక నా చేతిలో ఉంది.

ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత డబ్బా మొత్తం తిన్నాను.

నవంబర్ 27, గురువారం

డిసెంబర్ 17న ఆయనకు సన్మానం. గుడి బయట ఫ్లెక్సీ కట్టారు, నిండు నవ్వుతో ఆయన ఫొటో, కింద "నిష్కళంక సేవ" అని రాశారు. ధనుర్మాసం మొదటి రోజు కదా, ఆ పొద్దున పాశురాల గోష్ఠి అయ్యాక అందరి ముందూ శాలువా కప్పుతారట. అభిషేకం వెనకవాళ్లకు కూడా కనబడేలా మండపంలో పెద్ద టీవీ పెడుతున్నారు.

టీవీ, మైకు పెట్టేది మా గల్లీ ఎల్లేష్. అడిగాను.

"సార్ మీద ఒక వీడియో చేసిన ఎల్లేష్. సన్మానం టైంల వేస్తవా?"

"పెన్ డ్రైవుల తే అక్కా, ఎందుకెయ్య? మస్తు ఖుషీ అయితడు సారు."

అవుతాడు. మస్తు ఖుషీ అవుతాడు. ఆయన పెళ్లాం పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు కదా, వాళ్లూ చూస్తారు. ఆయన ఏడవాలని నాకు లేదు. చూసినవాళ్లు ఆయన పక్క నుంచి ఒక్కొక్కరే లేచి దూరంగా జరగాలి. మీటింగు రోజు నాన్న పక్క నుంచి జరిగినట్టు. నాకు అది కావాలి.

డిసెంబర్ 3, బుధవారం

సైదాబాద్‌లో బస్సు దిగి షేర్ ఆటోలో ఇంటికి వస్తుంటే పక్కనున్న ఆమె డ్రైవర్‌కు చెప్పింది, "గా వెండి అయ్యగారి ఇంటికాడ ఆపు భయ్యా." ఆ లొల్లి తర్వాత నాన్నకు పడ్డ పేరు అది. నేను అక్కడ దిగలేదు. ముందు చౌరస్తా దాకా పోయి, వెనక్కి నడిచి వచ్చాను.

ఇంకెన్నాళ్లో లేదు.

డిసెంబర్ 8, సోమవారం

మొదటి ముక్క తెరుచుకుంది.

అందులో సోమశేఖర్ లేడు. నాన్న ఒక్కడే ఉన్నాడు.

శఠారిని పీఠం మీద నుంచి కుడి చేత్తో ఎత్తాడు. రెండడుగులు వేశాడు. చెయ్యి వణికింది. ఎడమ చేత్తో మణికట్టు పట్టుకోబోయాడు, అందలేదు. శఠారి జారి నేల మీద పడి, రెండు దొర్లులు దొర్లి గడప దగ్గర ఆగింది. పైనున్న పాదం ఒకటి ఊడి పక్కకు పోయింది.

నాన్న కదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత వంగి పాదాన్ని తీసి కళ్లకద్దుకుని, శఠారిని తీసి కళ్లకద్దుకుని, రెంటినీ ఉత్తరీయంలో చుట్టాడు. బాగుచేయించడానికి కార్వాన్ తీసుకెళ్లాడు, అంతే! దొంగతనం కాదు, ఏమీ కాదు.

నాన్న దొంగ కాదు. నాకు తెలుసు. నాకు ఎప్పుడూ తెలుసు.

డిసెంబర్ 9, మంగళవారం

అది పాత కెమెరా. బొమ్మ ఆగి ఆగి వస్తుంది. అందుకే చెయ్యి వణికినట్టు కనిపిస్తుంది. అప్పటికి నాన్న చేతికి ఏమీ లేదు. వణుకు మీటింగు తర్వాతే వచ్చింది. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను కదా, నాకు తెలియదా?

డిసెంబర్ 11, గురువారం

పొద్దున అమ్మ నాన్నకు కాఫీ ఇచ్చింది. ఎప్పటిలాగే సగం గ్లాసు. నాన్న కాఫీ తగ్గించాడని, అది ఆయన నియమమని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఇవాళ చూస్తే అమ్మ అదే గిన్నెలోంచి మళ్లీ సగం పోసి రెండోసారి తెచ్చిచ్చింది.

వంటింట్లోకి వెళ్లి అడిగాను. "నిండా ఎందుకు పొయ్యవమ్మా?"

అమ్మ స్టవ్ వైపు తిరిగే ఉంది. "ఒలికిపోతది కదనే" అంది.

"ఎప్పటి సంది?"

"నీ డిగ్రీ పరీక్షలప్పటి సంది. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు. ఆ చెయ్యితోటి గుడిల నిలబడనియ్యరని ఆయన భయం."

నా డిగ్రీ పరీక్షలు గుడిలో ఆ లొల్లి జరగడానికి చాలా ముందే అయ్యాయి.

పాత కెమెరా కాదు. చెయ్యే వణికింది. ఆ చేతి పేరు చెప్పి నేను ప్రతి రోజూ సోమశేఖర్‌ను తిట్టుకున్నాను, పొద్దున బస్సులో, రాత్రి పక్క మీద. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోవాలి?

అయినా సరే. చెయ్యి సంగతి పక్కన పెడదాం. నాన్న దొంగ కాదని తెలిసి కూడా ఆయన నోరు మూసుకున్నాడు. ఆ ఒక్కటి చాలు నాకు.

డిసెంబర్ 14, ఆదివారం

నాన్నకు చూపించాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

భోజనాలయ్యాక పక్కన కూర్చుని ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. ఆయన చేతిలో ఫోన్ నిలవలేదు, నేనే పట్టుకున్నాను. రెండు ముక్కలూ చివరిదాకా చూశాడు.

"ఇది ఇంకా ఉన్నదా?" అన్నాడు. ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినని భయం ఉంది. "చెరిపేసిన అన్నడు కద సోమశేఖర్. ఒట్టేసి చెప్పిండు నాకు."

"ఏం ఒట్టు నాన్నా?"

"ఎవ్వరికీ చెప్పనని తీర్థం పట్టి ఒట్టేసిండు. మాట తప్పలే పాపం."

పాపం అట! "కింద పడ్డదని నువ్వే చెప్తె అయిపోతుండె కదా. మనిషన్నంక చేతిలకెళ్లి జారదా?"

"అది గ్లాసు కాదు జారనీకి. స్వామి పాదాలు. ఎట్ల పడ్డదంటే చెయ్యి చూపియ్యాలె. ఎప్పటి సంది అంటే చెప్పాలె. ఈ చెయ్యితోటే అభిషేకం చేసిన, ఆరగింపు పెట్టిన, పసిపిల్లల తలల మీద శఠారి పెట్టిన. తప్పని ఎరికే, అయినా చేసిన. స్వామిని ఇడిచి ఉండబుద్ధి కాక చేసిన."

"గందుకని దొంగ అనిపించుకున్నవా?"

"దొంగ చేతుల పడి బయటికి పోయిందన్నరు కాబట్టే సంప్రోక్షణ చేసి మళ్ల లోపలికి తీసుకున్నరు. పడ్డదానికి జరగాల్సింది కూడా అదే. నేను నోరిప్పకుండనే జరిగిపోయింది. ఇంకేం కావాలె నాకు? నన్ను ఏమన్నరో నాకు ఫికర్ లేదు."

"నాకున్నది" అన్నాను. గట్టిగానే అన్నాను, అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "నాకున్నది, అమ్మకున్నది. నీ చెయ్యి దాచుకునేందుకు మమ్మల్ని దొంగ ఇంటోళ్లను చేసినవ్. ఆటోల మన గల్లీల దిగలేక ముందుకు పోయి నడిచొస్తున్న నేను. ఎరికేనా నీకు?"

నాన్న కుడిచేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"దొంగ అంటే అని పోతరు బిడ్డా. చెయ్యి వణుకుతదంటే వచ్చి పట్టుకుంటరు. జాలి పడతరు. గది నాతోటి కాదు. చెరిపెయ్."

చెరిపేస్తానని నేను అనలేదు. లేచి బయటికి వచ్చేశాను. నాన్న మీద ఇంత కోపం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఈ కోపం కూడా సోమశేఖర్ వల్లే వచ్చింది.

డిసెంబర్ 15, సోమవారం

నాన్నతో మాట్లాడటం లేదు. పెన్ డ్రైవులో రెండు ముక్కలూ వేసుకున్నాను.

డిసెంబర్ 17, బుధవారం

మొదటి పాశురం చదివే వేళకే గుడికి చేరాను. ఆ గడప తొక్కి నాలుగేళ్లయింది. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు పక్కకు జరిగారు. జరగనీ, ఇంకాసేపట్లో మీరే వస్తారు అనుకున్నాను. పెన్ డ్రైవు పిడికిట్లో ఉంది, చెమటకు జారుతోంది.

గోష్ఠి అయి పొంగలి పంచుతుండగా సోమశేఖరే నా దగ్గరికి వచ్చాడు. పట్టుపంచె, నుదుట కుంకుమ.

"అయ్యగారు రాలేదా? వస్తడనుకున్న."

ఇక ఆగలేకపోయాను. "చెరిపేసిన అని నాన్నకు ఒట్టేసి చెప్పి, ఎందుకు దాచిండ్రు?"

ఆయన చుట్టూ చూశాడు. "చూసినవా?"

"ఎందుకు దాచిండ్రు?"

"భయమైంది బిడ్డా. రేపెన్నడన్న అయ్యగారు ఎదురుతిరిగి, సోమశేఖర్‌కు అంతా ఎరికే అంటే నా నౌకరీ పోతది. చెప్పొద్దన్నది ఆయనే అని చూపియ్యనీకి నా దగ్గర ఏదన్న ఒకటి ఉండాలె కద."

"అంటే మా నాన్న దొంగ కాదని చూపిచ్చేది మీ దగ్గరనే పెట్టుకొని, మీటింగుల దొంగ అని రాసుకున్నరు."

"ఆయనే వద్దన్నడు..."

"చెరిపెయ్యమన్నడు కూడ. గది మాత్రం ఇనలే మీరు."

ఆయన చేతిలో పొంగలి దొన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు చెప్పాను. ఎంత మెల్లగా చెప్పానంటే, ఆయన వంగి వినాల్సి వచ్చింది.

"మీకిచ్చిన ముక్కలు మీ డిస్కువి కావు, మామా."

నాలుగేళ్ల తర్వాత మామా అన్నాను. బాగుంది అనడం.

సరిగ్గా అప్పుడే టీవీ దగ్గర నుంచి ఎల్లేష్ కేకేశాడు. "అక్కా, వీడియో తెచ్చినవా? ఇటియ్యి!" సోమశేఖర్ నా పిడికిలి వైపు చూశాడు. మైకులో ఆయన పేరు పిలిచారు, ఎవరో చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకుపోయారు.

నేను టీవీ దగ్గరికి వెళ్లాను. పొద్దుటి అభిషేకం మళ్లీ వేస్తున్నారు. కొత్త అర్చకుడి చెయ్యి, పాలగిన్నె, తలుపంత పెద్దగా కనబడుతున్నాయి. ఆ చెయ్యి ఎంత నిలకడగా ఉందో! పాలు సన్నటి ధారగా తిన్నగా పడుతున్నాయి. జనం ఆ చేతినే చూస్తూ దండం పెట్టుకుంటున్నారు.

నా వీడియో వేస్తే వీళ్లు చూసేది సోమశేఖర్‌ను కాదు. ఇదే తెర మీద, ఇంత పెద్దగా, మా నాన్న చెయ్యి వణకడం చూస్తారు. అయ్యో అంటారు. సాయంత్రానికి మా ఇంటికి పండ్లు పట్టుకుని వస్తారు. నాన్న భయపడింది అదే.

"ఏమైందక్కా, ఇయ్యి" అన్నాడు ఎల్లేష్.

"ఏం లేదు. తేలే."

ఆ మాట వేదిక మీదికి వినబడలేదు. సోమశేఖర్‌కు శాలువా కప్పారు, దండ వేశారు, రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మైకు పట్టుకుని టీవీ వైపు తిరిగి ఉండిపోయాడు. బొమ్మ మారినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాడు. "అందరికీ... అందరికీ..." అని ఆపేశాడు. సంతోషంతో నోట మాట రావడం లేదని అధ్యక్షుడు చెబితే జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వచ్చేటప్పుడు శఠారి తెచ్చి నా తల మీద కూడా పెట్టారు. అతుకు ఎక్కడుందో తెలియలేదు.

డిసెంబర్ 19, శుక్రవారం

బబ్లూ భాయ్ నా సొరుగులో టేపు కోసం వెతుకుతుంటే డిస్కు దొరికింది.

"ఏందిది? దీని మీద చిట్టీ లేదు."

చెప్పేశాను. ఎవరిదో, ఎందుకు ఉంచానో. దొంగ సర్టిఫికెట్ సంగతి కూడా. ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు.

"నా దుకాణం పేరు మీద ఝూటా సంతకం పెట్టినవ్" అన్నాడు. అరవలేదు, అరిచినా బాగుండేది. "రేపు గిది బయట పడితే నా దగ్గరికి ఎవడొస్తడు? ముందు దీన్ని ఖతం చెయ్. నీ సంగతి తర్వాత మాట్లాడుకుందం."

"నాన్నను తీసుకొస్తా భాయ్. ఆయన ముందర చేస్తా."

శుక్రవారం మధ్యాహ్నం గల్లీలో గిరాకీ తక్కువ. నాన్న మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. బబ్లూ భాయ్ లేచి తన కుర్చీ వేశాడు, తను బయట నిలబడ్డాడు. డిస్కు తగిలించాను, పెన్ డ్రైవు తగిలించాను, ఫోన్‌లోది తీసేశాను. అన్నీ సిద్ధం చేసి, ఒక్క బటన్ నొక్కడం మిగిల్చాను.

"నువ్వే నొక్కు నాన్నా."

"నాతోటి ఎట్లయితదే?"

"అయితది. ఇక్కడ ఎవ్వరూ లేరు."

కుడిచెయ్యే చాచాడు. చెయ్యి బటన్ మీద వణికి, పక్కదాన్ని నొక్కి, వెనక్కి వచ్చి, మళ్లీ పోయింది. నేను పట్టుకోలేదు. మూడోసారికి నొక్కాడు. తెర మీద సున్నాలు రాయడం మొదలైంది. అంతా అయ్యేదాకా నాన్న కదలకుండా చూశాడు, మధ్యలో పెదాలు కదిపాడు. ఏం చదివాడో నేను అడగలేదు.

తర్వాత మిషన్ కింద పెట్టి ముక్కలు చేశాను. ముక్కలు కవర్లో వేశాను. సర్టిఫికెట్ రాశాను, ఈసారి నిజమైనది. కింద సంతకం పెట్టాను.

"ఇగ ఎవ్వరూ తియ్యలేరా?" అన్నాడు నాన్న.

"ఎవ్వరూ తియ్యలేరు."

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో నేనే అన్నాను, వెండి అయ్యగారి ఇంటికాడ ఆపు భయ్యా అని. నాన్న నా వైపు చూసి నవ్వాడు.

డిసెంబర్ 23, మంగళవారం

బబ్లూ భాయ్ నన్ను పనిలోంచి తీసేయలేదు. సర్టిఫికెట్ల మీద సంతకం మాత్రం ఇక ఆయనే పెడతానన్నాడు. నేను మిషన్ దగ్గరికి మారాను. మధ్యాహ్నం టీ ఇస్తూ అన్నాడు, "చూసినంక చెరిపితే ఏం లాభం మాన్యా? డిస్కుల పోయింది, నీ దిమాగుల ఉన్నది కద." నాకు అలాంటిదేమీ లేదు. నా మనసు తేలికగా ఉంది.

ఇవాళ సోమశేఖర్ షాపుకు వచ్చాడు. ప్రసాదం సంచిలో ఈసారి నిజంగానే పొంగలి ఉంది. సగమయ్యాడు మనిషి, గడ్డం కూడా తీసుకోలేదు.

"మాన్యా, అది... ఏం చేసినవ్ దాన్ని? మా ఇంట్ల టీవీ పెట్టనిస్తలేను బిడ్డా నేను. ఏం చేసినవో ఒక్క మాట చెప్పు."

సర్టిఫికెట్ నా సంచిలోనే ఉంది. చెయ్యి పెడితే అందేంత దూరంలో ఉంది.

"పొంగలి మస్తున్నది మామా" అన్నాను. "నెయ్యి ఎక్కువేసిన్రు."

డిసెంబర్ 27, శనివారం

రోజూ ఫోన్ చేస్తున్నాడు. నేను ఎత్తడం లేదు.

ఇవాళ భోజనం దగ్గర నాన్న అడిగాడు. అమ్మ ఆయనకు చారు సగం గిన్నె పోసింది.

"సోమశేఖర్‌కు చెప్పినవా, మొత్తం పోయిందని? పాపం, రిటైరైన మనిషి, ఫికర్ పడుతుంటడు."

"చెప్పిన నాన్నా."

"ఒట్టు?"

"ఒట్టు."

"మంచి పని చేసినవ్" అని నాన్న చారు తాగాడు.

నేను ఆ మనిషిలాంటిదాన్ని కాదు. ఆయన చెరిపేశానని చెప్పి దాచాడు. నేను నిజంగా చెరిపేశాను, ఆయనకు చెప్పలేదంతే. సర్టిఫికెట్ నా బట్టల అడుగున భద్రంగా ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఇస్తాను, నాకు ఇవ్వాలనిపించినప్పుడు.

ఫోన్ మళ్లీ మోగుతోంది. మోగనీ.